మసికోటలో మరక పడని పంక్తి

కుందనగిరి యువరాజు నిషంగుడికి రాతగాళ్ళంటే మొదటినుంచీ చిన్నచూపు. తండ్రిగారి కొలువులో చాపలు పరుచుకుని, మోకాళ్ళమీద పలకలు పెట్టుకుని, పొద్దస్తమానం గీకుతూ కూర్చునే ఆ మనుషుల్ని చూస్తే అతనికి నవ్వొచ్చేది. చేతుల్లో సత్తువ లేకే వీళ్ళకి ఈ పని అప్పగించారని నిండుసభలోనే అనేవాడు. వాళ్ళు తల ఎత్తకుండా రాసుకుపోయేవారు.

అలాంటివాడు ఇప్పుడు రాతవిద్యలో పేరుమోసిన కుముద్వతీదేవి మేడలో చలువరాతి నేలమీద మఠం వేసుకు కూర్చున్నాడు. ఎదురుగా వాలుపలక, పక్కన సిరాబుడ్డి, చేతిలో కలం. పట్టుపంచె మీద నల్లటి మరకలు. ముక్కుమీద కూడా ఒకటి ఉంది, అది అతనికి తెలియదు. కుముద్వతీదేవికి తెలుసు, చెప్పలేదు.

ఆ మేడ చూసి తీరవలసిందే. మంచుకొండ అంచున వెన్నముద్దలా నిలిచిన తెల్లని స్తంభాలు, వాటి నడుమ నెమలికంఠం రంగు తెరలు, తెరల వెనక పచ్చని గాజుపలకల్లోంచి వడగట్టినట్టు దిగే ఎండ. ఆమె చేతి రాతకోసం ఒకప్పుడు రాజులు కానుకలుగా పంపిన దంతపు సింహాసనాలు ఆ చావడినిండా ఉన్నాయి. వాటిమీద ఎవరూ కూర్చోరు. ఒకదానిమీద తడికాగితాలు ఆరేస్తుంది, ఇంకోదానిమీద తుమ్మజిగురు నానబెట్టిన గిన్నెలు పెడుతుంది. జుట్టు పూర్తిగా నెరిసినా నడుము వంగని ఆ మహాతల్లి ఏ రాజుకీ లేచి నిలబడదు.

"మళ్ళీ రాయి," అంది ఆమె.

నిషంగుడు కలాన్ని బుడ్డిలో మెడదాకా ముంచి పైకి లాగాడు. కాగితందాకా వచ్చేలోపే బొట్టు జారి, చింతగింజంత మరకై, నాలుగువైపులా కాళ్ళు చాపింది.

"రాకుమారా, బుడ్డిలో శత్రువు ఎవడూ దాక్కోలేదు. పొడవక్కర్లేదు."

"ఇది కూడా ఒక విద్యేనా? ముంచాలి, గీయాలి. అంతేగా."

"ముంచావు. గీశావు. ఏం గీశావో నువ్వే చదువు."

అతను కాగితం వంక చూశాడు. 'ళ' రాయబోయాడు. లోపలి గుండ్రం సిరాతో పూడిపోయి నల్లగా మెరుస్తోంది.

"ఇది అక్షరమా, గోలీయా?" అంది కుముద్వతీదేవి.

యుద్ధంలో మదపుటేనుగు తొండం పట్టి వంచినవాడికి ఈ అవమానం భరించడం కష్టమే. కాని భరించక తప్పదు. అతని చెల్లెలు హారావళిని కాలమేచకుడనే మాంత్రికుడు పట్టపగలు ఉద్యానవనంలోంచి ఎత్తుకుపోయి, మసికోటలో స్ఫటికపంజరంలో బంధించాడు. ఆమె యౌవనం తనకీ, తన ముసలితనం ఆమెకీ మార్చే ఆయుర్దాయపట్టం జింకతోలుమీద రాయిస్తున్నాడు. చివరి పంక్తి ఒక్కటే మిగిలింది. పౌర్ణమిలోపు అదీ పూర్తయితే హారావళి పండుముసలిదై ఆ పంజరంలోనే రాలిపోతుంది.

సైన్యంతో వెళ్ళినవాళ్ళు మాంత్రికుడి దండం తగిలి రాళ్ళై నిలబడిపోయారు. ఆ దండం వాడు ఒకే ఒక్కప్పుడు పక్కన పెడతాడు. రాయించేటప్పుడు తోలు చుట్టుకుపోకుండా వాడు తన రెండు చేతులతోనే సాగదీసి పట్టుకోవాలి, ఇంకొకరి చెయ్యి దానికి తగలకూడదు. అప్పుడు వాడి దగ్గర ఉండేది రాతగాడొక్కడే. అయితే పట్టంమీద మరక వేసిన రాతగాడు అక్కడికక్కడే కాకి అయిపోతాడు.

ఇదంతా చెప్పింది కుముద్వతీదేవే. కాలమేచకుడు ఒకనాడు ఆమె శిష్యుడు.

"వాడి రాత ఎలా ఉండేది?" అని నిషంగుడు అడిగాడు.

"నీకన్నా నయం," అంది. "ఇప్పుడు చేతులు వణుకుతాయి కాబట్టి అడ్డమైనవాళ్ళచేతా రాయిస్తున్నాడు. నా దగ్గర చదివిన మంచివాళ్ళే పోయి కాకులయ్యారు. వాళ్ళకి భయమేసింది, నొక్కారు, మరక పడింది. నీకు ఆ భయం లేదు. అదొక్కటే నిన్ను గుమ్మంలోకి రానివ్వడానికి కారణం."

మొదటిరోజున కలం అసలు సిరానే పట్టలేదు. కొత్త పాళీమీదనుంచి సిరా చేమాకు మీద నీళ్ళలా జారిపోయింది. పాళీ చెడ్డదని నిషంగుడు విసిరికొట్టాడు. ఆమె లేచి వెళ్ళి దాన్ని ఏరి తెచ్చి అతని ముందు పెట్టింది.

"తుప్పు పట్టకుండా కమ్మరి నూనె రాస్తాడు. నూనెమీద సిరా ఎలా నిలుస్తుంది? నాలికమీద పెట్టి, గుడ్డతో తుడువు."

"యువరాజు నాలికమీదా?"

"ఆ నాలిక ఇంతవరకు చేసిన పనులకన్నా ఇది మంచి పనే."

తరవాత ముంచడం నేర్పింది. పాళీ నడుమ ఉన్న చిన్న బెజ్జం తడిస్తే చాలు, అంతకు మించి ఒక్క చుక్క వద్దు. పైకి తీశాక వెన్ను బుడ్డి అంచుకి ఆనించి ఎక్కువైనది దిగనియ్యాలి. ముందు చిత్తుకాగితంమీద ఒక గీత గీసి చూడాలి. నిషంగుడు ఇవన్నీ ఆడవాళ్ళ వంటింటి ముచ్చట్లలా ఉన్నాయన్నాడు. కుముద్వతీదేవి ఆ పూట అతనికి భోజనం పెట్టించలేదు. వంటింటి ముచ్చట లేని చోట అన్నం ఎలా వస్తుందో కనుక్కోమంది.

అతను గట్టిగా నొక్కి రాస్తే పాళీ కొన రెండుగా విచ్చుకుని మళ్ళీ కలవలేదు.

"ఆ చీలిక చూశావా," అంది ఆమె, విరిగిన పాళీని ఎండకి ఎత్తిపట్టి. "నొక్కితే తెరుచుకుంటుంది, సిరా దిగుతుంది. వదిలితే మూసుకుంటుంది. కిందకి లాగేటప్పుడు కొంచెం బరువు వెయ్యి. పైకి తీసేటప్పుడు కలం ఉందన్న సంగతే మరిచిపో. నీ ఒంట్లో బలమంతా దీనికి పనికిరాదు."

"మరి దేనికి పనికొస్తుందంటారు?"

"రోకలి దంచడానికి."

సిరా పలచనైతే అది పారుతుంది, తుమ్మజిగురు ఒక చుక్క కలపాలి. చిక్కనైతే కదలదు, నీళ్ళు కలపాలి. పలక చదునుగా ఉంటే కలం నిటారుగా నిలబడి సిరా గబగబా దిగుతుంది, పలక వాలుగా ఉంటే కలం పడుకుని సిరా నింపాదిగా దిగుతుంది. ఇవి తెలిశాక నిషంగుడి వేళ్ళు కొంచెం లొంగాయి. మరకలు చింతగింజలనుంచి ఆవాలకి తగ్గాయి. ఒక మధ్యాహ్నం అతను ఒక పంక్తి మొత్తం మరక లేకుండా రాసి, ఊపిరి బిగపట్టి, పలక ఆమెవైపు తిప్పాడు. రణరంగంలో గెలిచినప్పుడు కూడా అతని గుండె అలా కొట్టుకోలేదు.

కుముద్వతీదేవి పలకని ఎండకి వంచి చూసింది.

"మంచి రాతగాడివి కాలేదు. ఒక పంక్తి రాయగల చెడ్డ రాతగాడివి అయ్యావు. బయలుదేరు."

ఆశీర్వాదం అంతే. గుమ్మందాకా కూడా రాలేదు.

నిషంగుడు కోరమీసం గొరిగించుకున్నాడు, కత్తి విడిచాడు, చిరుగుల ఉత్తరీయం కప్పుకున్నాడు. ఇక అతని పేరు సోమలింగం, ఊరూరా తిరిగి రాసిపెట్టుకునే బైరాగి రాతగాడు. చంకలో పెట్టె, పెట్టెలో సిరా, జిగురు, పాళీలు.

కంటకారణ్యంలో అడుగు పెట్టాడో లేదో, ఆకాశం ఒక్కసారిగా చీకటైనట్టయింది. తలెత్తేలోపే గండభేరుండం వాలి, పెట్టెతో సహా అతన్ని గోళ్ళలో బిగించి పైకి లేచింది. ఒక్కో రెక్క ఓడ తెరచాపంత. రెండు తలలు, రెండు ముక్కులు, నాలుగు నిప్పుకళ్ళు. అడవి కాళ్ళకింద నాచులా కనిపించింది. కుడితల అతన్ని పొడవబోతే ఎడమతల అడ్డొచ్చింది. ఆ రెంటికీ ఒకదానిమీద ఒకదానికి పడదని నిషంగుడు గ్రహించాడు. మొలలో మూటకట్టుకున్న ఎండుమాంసం తీసి ఎడమతల నోట్లోకి విసిరాడు. కుడితల మండిపడి దాని మెడ పట్టుకుంది. ఎడమతల కుడితల కంటిమీద పొడిచింది. పక్షి గాలిలోనే గింగిరాలు తిరుగుతూ లోయలు దాటింది, శిఖరాలు దాటింది, ఈకలు వానలా రాలాయి. పట్టు సడలిన క్షణంలో నిషంగుడు జారి, ఒక మద్దిచెట్టు కొమ్మల్లోంచి విరుగుతూ కిందపడ్డాడు. మొట్టమొదట పెట్టె తెరిచి చూసుకున్నాడు. సిరాబుడ్డి పగల్లేదు. దానికి సంతోషించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఎదురుగానే ఉంది మసికోట.

దానికి పునాదినుంచి బురుజుదాకా రంగు ఒక్కటే, దీపం కాలిన గోడరంగు. గోడల్లో రాళ్ళు తేనెతుట్టెలో గదుల్లా అతుక్కుని ఉన్నాయి. బురుజులమీద జెండాల బదులు పొగ ఎగురుతోంది. కోట వెనకవైపు భూమి లేదు, నిట్టనిలువు అగాధం, అడుగున నురగలు కక్కే నది. చూరులమీద, మెట్లమీద, రాళ్ళై నిలబడిన సైనికుల భుజాలమీద అంతా కాకులే. వాటిలో కొన్ని ఒక కాలితో మట్టిలో వంకరగీతలు గీస్తూ, అడుగు వెనక్కి వేసి చూసుకుంటున్నాయి.

ద్వారపాలకుడు నిషంగుణ్ణి కింద నుంచి పైదాకా చూసి లోపలికి కేకవేశాడు. "ఇంకో కాకి వచ్చింది."

"నేను రాతగాణ్ణి," అన్నాడు నిషంగుడు.

"వాళ్ళూ అదే అన్నారు. నీ మేత ఏమిటో ఇప్పుడే చెప్పి వెళ్ళు. తరవాత నీ భాష నాకు తెలీదు."

నిషంగుడి చెయ్యి లేని కత్తికోసం మొలదగ్గరికి పోయి, ఉత్తరీయం సర్దుకున్నట్టు వెనక్కి వచ్చింది.

రాతమందిరం కోట వెనక అంచున ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ పెద్ద కిటికీలోంచి పడి, నేలమీద నల్లరాయి అద్దంలా మెరుస్తోంది. కిటికీ బయట, అగాధంమీద, ఇనుపగొలుసుకి స్ఫటికపంజరం వేలాడుతోంది. పంజరంలో హారావళి. చిక్కిపోయింది, చూపు మాత్రం చెక్కుచెదరలేదు. మీసం లేని అన్నని ఆమె ఒక్క చూపులో పోల్చుకుంది.

"ఈ మొహానికి కలం కూడానా," అంది గట్టిగా, మొహం తిప్పుకుని. "మాంత్రికుడా, నీకు మనుషులు కరువయ్యారా?"

కాలమేచకుడు పకపకా నవ్వాడు. వాడి నడుము విల్లులా వంగింది, గడ్డానికి రంగు వేశాడు కాని కనుబొమలు తెల్లగానే ఉన్నాయి. వణికే చేతిలో దండం మాత్రం కదలకుండా నిలబడింది, అదే వాణ్ణి పట్టుకున్నట్టుంది.

"నీ గురువెవరు?"

"గురువు లేడు ప్రభూ."

"చూస్తే తెలుస్తూనే ఉంది. కూర్చో."

సొంత కలం వాడనియ్యలేదు. బంగారుపూత పాళీ ఉన్న కొత్త కలం ఇచ్చాడు. బల్ల చదునుగా ఉంది. సిరా చూడబోతే ఏటినీళ్ళంత పలచన. వచ్చినవాళ్ళు ఎందుకు కాకులయ్యారో నిషంగుడికి అప్పుడర్థమైంది. వాళ్ళ చేతులు వణికేదాకా కూడా ఆగనక్కర్లేదు.

అతను పాళీని నాలికమీద పెట్టి, ఉత్తరీయం కొసతో తుడిచాడు. సిరాలో తన జిగురు ఒక చుక్క కలిపాడు. పెట్టె మూత ఊడదీసి తోలుకింద వాలుగా పెట్టబోయాడు.

"ఆగు." మాంత్రికుడి కళ్ళు చిన్నవయ్యాయి. "నాలికమీద పెట్టి తుడవడం ఎవరు నేర్పారు నీకు?"

"కమ్మరి చెప్పాడు ప్రభూ."

"ఆ మూత?"

"నాకు మెడనొప్పి."

వాడు చీదరగా పెదవి విరిచాడు. "రాతగాళ్ళందరికీ ఏదో ఒక నొప్పి. కానియ్యి."

మాంత్రికుడు దండాన్ని కిటికీ పక్కనున్న రాతిగూట్లో నిలబెట్టి, రెండు చేతులతో తోలు సాగదీసి పట్టుకున్నాడు. చేతులతోబాటు తోలూ వణికింది. నిషంగుడు పాళీని బెజ్జందాకా ముంచి, వెన్ను అంచుకి ఆనించి, చిత్తుతోలుమీద ఒక గీత గీశాడు. గీత సన్నగా, ఆగకుండా వచ్చింది. ఇంక రాయాలి. గూడు అతనికి రెండు బారల దూరంలో ఉంది. వాడి కళ్ళు అక్షరాలమీద కుదిరేదాకా కదలకూడదు.

మాంత్రికుడు చెప్పిన మొదటి మాట రాశాడు. కిందకి కొంచెం బరువు, పైకి శూన్యం. తోలు వణుకుతుంటే దాని వణుకుతోబాటే చెయ్యి ఊపాడు. నడుమ 'ళ' వచ్చింది. పాళీ కొనన బొట్టు ఉబ్బి వేలాడింది. కిటికీమీద కాకి ఒకటి మెడ చాచి చూస్తోంది. నిషంగుడు చెయ్యి ఎత్తి, బుడ్డి అంచుకి పాళీ ఆనించి, బొట్టు దిగాక తిరిగి వచ్చి గుండ్రం పూర్తిచేశాడు. గుండ్రం లోపల తోలు తెల్లగా మిగిలింది. అతనికి తెలియకుండానే పెదవిమీద నవ్వు వచ్చింది.

"ఫరవాలేదు," అన్నాడు కాలమేచకుడు, ఆశ్చర్యాన్ని దాచుకుంటూ. "మిగతాది తరవాత. ముందు ఈ మూల నీ పేరు రాయి. ఎవరు రాస్తున్నారో పట్టానికి తెలియాలి."

ఈ సంగతి కుముద్వతీదేవి చెప్పలేదు. బహుశా ఆమెకీ తెలియదు. నిషంగుడు తడుముకోకుండా 'సోమలింగం' అని రాశాడు. మరక లేదు, అతుకు లేదు. ఇంతవరకు రాసినవాటిలో అదే అందమైన మాట.

అక్షరాలు తోలుమీద నిలవలేదు. ఒక్కొక్కటీ ముడుచుకుని, పూసలై, వాలుమీదనుంచి దొర్లి బల్లమీద పడ్డాయి.

"పాళీకి నూనె లేదు. సిరా చిక్కగా ఉంది," అన్నాడు మాంత్రికుడు మెల్లగా. "పేరే అబద్ధం. తోలు అబద్ధాన్ని తాగదు. ఎవడ్రా నువ్వు?"

వాడి కుడిచెయ్యి తోలు వదిలి గూటివైపు లేచింది.

నిషంగుడు పాళీని మెడదాకా బుడ్డిలో ముంచాడు. మణికట్టు విదిలించాడు. సిరా కొరడాలా లేచి మాంత్రికుడి కళ్ళలో పడింది. వాడు అరుస్తూ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నిషంగుడు బల్లమీదనుంచి దూకి, దండం అందుకోబోయాడు. వేళ్ళు తగలగానే అది పాములా బుసకొట్టి మంటలు కక్కింది. చేత్తో పట్టుకోలేక కాలితో తన్నాడు. దండం గూట్లోంచి ఎగిరి, కిటికీ దాటి, అగాధంలోకి పోయింది.

కాని విదిలించిన సిరాలో కొంత పట్టంమీద కూడా పడింది. ఒకటి కాదు, చింతగింజలంత మరకలు.

నిషంగుడి ఎడమచేతి గోళ్ళు నల్లబడ్డాయి. చర్మంలోంచి ముల్లు గుచ్చినట్టు ఈకలు మొలిచాయి.

"భటులారా," అని కాలమేచకుడు కేకేశాడు. తలుపులు విరిగినట్టు తెరుచుకున్నాయి. ఈటెలు దూసుకొచ్చాయి. నిషంగుడు వెనక్కి చూడకుండా కిటికీలోంచి దూకి పంజరం గొలుసు పట్టుకున్నాడు. గొలుసు కిర్రుమని ఊగింది. కింద నది వెండితీగలా మెరిసింది.

"అన్నయ్యా, అటు చూడు," అంది హారావళి స్ఫటికానికి అరచేతులు ఆనించి. "దండం నదిలో పడలేదు. గోడమీద ఆ రాతిసింహం నోట్లో ఇరుక్కుంది. మంట ఆరిపోయింది. అది అందితే వాడి పని అయినట్టే."

నిజమే. చాలా కింద, గోడలోంచి పొడుచుకొచ్చిన సింహం కోరల నడుమ దండం చల్లబడిన కట్టెలా అడ్డంగా నిలిచింది.

"నువ్వు బాగానే ఉన్నావా?" అన్నాడు నిషంగుడు.

"మీసం ఏమైంది?"

"తరవాత చెబుతాను."

పైన కాలమేచకుడు తడుముకుంటూ కిటికీదాకా వచ్చాడు. మొహమంతా నల్లగా కారుతోంది. వాడి చేతికి గొలుసు చుట్టిన ఇనుపచక్రం దొరికింది. దాన్ని తిప్పి గొలుసు వదలడం మొదలుపెట్టాడు.

"మరక వేశావు రాతగాడా," అన్నాడు.

"వేశాను. కావాలనే."

"దండం లేకపోయినా శాపం నిలుస్తుంది, కాకపోతే నెమ్మదిగా పడుతుంది. నీ చెయ్యి చూసుకో. దానితో పట్టుకోలేవు, ఒంటిరెక్కతో ఎగరలేవు."

ఎడమచెయ్యి మోచేతిదాకా రెక్క అయింది. ఈకలు గొలుసుమీద జారుతున్నాయి. చక్రం ఒక పన్ను తిరిగింది, పంజరం జర్రున దిగి ఆగింది. హారావళి కిందపడి, లేచి, మళ్ళీ సింహంవైపు వేలు చూపింది.

నిషంగుడు సిరా కారుతున్న మాంత్రికుడి మొహాన్ని ఒక్కసారి తేరిపార చూసి, కాండ్రించి ఉమ్మేశాడు. తరవాత రెక్కని గాలికి అడ్డంగా విప్పి, కుడిచేతిని రాతిసింహం నోటివైపు చాచి, గొలుసు వదిలేశాడు.